తగ్గిపోయిందనుకున్న ఐదు నెలలు: మా పాప లుకేమియా, నా అనుభవం

మా పాపకి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని 2024 ఫిబ్రవరి 1న తేలింది. కానీ అంతకు ఐదు నెలల ముందే అది ఒకసారి వచ్చినట్టే వచ్చి, కీమో సంగతి అటుంచి ఒక్క స్టెరాయిడ్ మాత్ర కూడా పడకుండానే దానంతటదే తగ్గిపోయింది. రిపోర్టులన్నీ నార్మల్‌కి వచ్చేశాయి, పిల్ల స్కూల్‌కి వెళ్ళింది, బతుకమ్మ ఆడింది. తర్వాత వార్డులో పక్క బెడ్ల వాళ్ళకి ఈ మాట చెప్తే సగం మంది నమ్మలేదు, ఇంకో సగం మంది "అయితే ముందు మీరు ఏం మందు వాడారు, పేరు చెప్పండి" అని అడిగారు. ఏ మందూ లేదండి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది ఖమ్మం దగ్గర ఊరు. పాపకి అప్పుడు నాలుగేళ్ళు. 2023 ఆగస్టు 17 రాత్రి జ్వరం మొదలైంది. మా వీధిలో అప్పటికే ఇద్దరు ముగ్గురికి డెంగీ, కాబట్టి ఇదీ అదే అనుకున్నాం. రెండు రోజులు పారాసెటమాల్ సిరప్ పోశాం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ 103. మూడో రోజు పొద్దున లేచి కాళ్ళు నొప్పి, నడవను, ఎత్తుకో అని ఒకటే ఏడుపు. ఖమ్మంలో ఒక పిల్లల ఆసుపత్రిలో చేర్చాం. బ్లడ్ టెస్ట్‌లో హిమోగ్లోబిన్ 6.8, తెల్లకణాలు 1,400, ప్లేట్‌లెట్లు 22 వేలు, మూడూ బాగా తక్కువే. డెంగీ టెస్ట్ నెగెటివ్. అయినా అందరిదీ ఒకటే మాట, డెంగీయే, టెస్ట్‌లో ఒక్కోసారి రాదు అని. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కళ్ళూ బొప్పాయి ఆకు రసం సీసా పట్టుకొచ్చారు, మా అత్తయ్య అయితే పొద్దునా సాయంత్రం పట్టించింది, పాప కక్కేసింది.

నాలుగో రోజుకి ప్లేట్‌లెట్లు 14 వేలకి పడ్డాయి. అక్కడి డాక్టరు "స్టెరాయిడ్ ఇంజెక్షన్ పెట్టి చూద్దాం, లేకపోతే హైదరాబాద్ తీసుకెళ్ళండి" అన్నారు. మా ఆయన పిన్ని కూతురు హైదరాబాద్‌లో నర్సు, ఫోన్ చేస్తే "వదినా, అదేదీ పెట్టించకుండా ముందు ఇక్కడికి తీసుకొచ్చెయ్యండి" అంది. ఆ ఒక్క మాట ఎంత పనిచేసిందో మాకు తర్వాత తెలిసింది.

ఆగస్టు 24 రాత్రి అంబులెన్స్‌లో బయల్దేరాం. సూర్యాపేట మీదుగా నాలుగు గంటలు. హైదరాబాద్‌లో పిల్లల రక్తం జబ్బులు చూసే డాక్టర్ మేడమ్ పాపని చూసి ముందు అడిగిన ప్రశ్న "స్టెరాయిడ్ ఏమైనా ఇచ్చారా?" అని. లేదంటే నమ్మలేదు, ఖమ్మం ఆసుపత్రి కాగితాలన్నీ ముందేసుకుని ఒక్కో ఇంజెక్షన్ పేరు వేలు పెట్టి చదివింది. స్టెరాయిడ్ పడితే లుకేమియా ఉన్నా కొన్నాళ్ళు దాక్కుంటుందంట, ఎముకల లోపల రక్తం తయారయ్యే మూలుగు తీసి టెస్ట్ చేసినా దొరక్కపోవచ్చంట. అసలు లుకేమియా అనే మాట మేం వినడం అదే మొదలు. నాకు కాళ్ళల్లో సత్తువ పోయింది, అక్కడే ఫ్లోర్ మీద కూర్చుండిపోయా.

రక్తం ఎక్కించాలి అన్నారు. మా ఆయనదీ పాపదీ ఒకటే గ్రూపు, వెంటనే చెయ్యి చాపాడు, వద్దన్నారు. మాకు కోపం వచ్చింది, కన్న తండ్రి ఇస్తానంటే వద్దనడం ఏంటని. తర్వాత మేడమ్ చెప్పింది, ఒకవేళ ఇది ఎముక మూలుగు ఎండిపోయే జబ్బు అయి రేపు మూలుగు మార్పిడి చెయ్యాల్సొస్తే, ఇప్పుడు సొంతవాళ్ళ రక్తం ఎక్కించి ఉంటే ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై మార్పిడి నిలబడకపోవచ్చంట. బయటి దాతలే కావాలి. ప్లేట్‌లెట్లకి ఇంకో తిప్పలు. ఒకే దాత నుంచి మిషన్ మీద తీసే ఎస్‌డీపీ ప్యాకెట్ అప్పట్లో పదకొండు పన్నెండు వేలు, దానికి దాత బరువు యాభై కిలోల పైన ఉండాలి, మూడు రోజులుగా నొప్పి మాత్రలు వేసుకుని ఉండకూడదు, చేతి నరాలు లావుగా కనపడాలి. వాట్సాప్ చూసి పాపం బైక్ మీద వర్షంలో తడుస్తూ వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళని నరం సన్నంగా ఉందని తిప్పి పంపారు. అందుకని ఒక్క దాత కావాలంటే నలుగురిని పిలిచి పెట్టుకోండి.

ఆగస్టు 28న మూలుగు టెస్ట్. రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు, పొద్దున తొమ్మిదికి అన్నది మధ్యాహ్నం ఒంటిగంట అయింది, నీళ్ళు నీళ్ళు అని అది నా కొంగు పట్టి లాగుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు. మత్తిచ్చి నడుం కింద వెనక ఎముకలోంచి తీశారు. లోపల ఇరవై నిమిషాలే. గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్ కింద చూసే స్లైడ్ల రిపోర్ట్ మర్నాడు సాయంత్రానికే వచ్చింది, ఎముక ముక్క రిపోర్ట్ మాత్రం ఐదు రోజులు పట్టింది, ఎముకని ముందు మెత్తబరిచి అప్పుడు కోస్తారంట. రెండిట్లోనూ ఒకటే మాట. మూలుగు దాదాపు ఖాళీగా ఉంది, చెడ్డ కణాలు లేవు. కణాలు ఏ రకమో చెప్పే ఫ్లో సైటోమెట్రీ అనే టెస్ట్‌లోనూ ఏమీ దొరకలేదు.

మేమిద్దరం దండం పెట్టేశాం, క్యాన్సర్ కాదు అని. మేడమ్ మొహంలో మాత్రం ఆ సంతోషం లేదు. ఇది వైరస్ కొట్టిన దెబ్బ అయ్యుండొచ్చు, అప్లాస్టిక్ అనీమియా, అంటే ఇందాక చెప్పిన మూలుగు ఎండిపోయే జబ్బు అయ్యుండొచ్చు, లేదంటే లుకేమియా రాబోయే ముందు కొంతమంది పిల్లల్లో మూలుగు ఇలా ఖాళీ అయిపోయి మళ్ళీ కోలుకుంటుంది, అది అయ్యుండొచ్చు అంది. లుకేమియా వచ్చే వంద మంది పిల్లల్లో ఏ ఒకరిద్దరికో ఇలా జరుగుద్దంట, జ్వరంతో వచ్చే చిన్న ఆడపిల్లల్లో కాస్త ఎక్కువంట. వైరస్‌లకీ, పుట్టుకతో వచ్చే మూలుగు జబ్బులకీ ఏవేవో టెస్టులు పంపారు, అన్నీ నెగెటివే.

సెప్టెంబర్ మొదటి వారం దాటాక తెల్లకణాలు కొద్దికొద్దిగా లేవడం మొదలైంది. మందేమీ లేదు, యాంటీబయాటిక్, ఎక్కించిన రక్తం, అంతే. ప్లేట్‌లెట్లు 48 వేలు అయ్యాయి, మూడు రోజులాగి చూస్తే లక్షా పదివేలు. కాళ్ళ నొప్పులు పోయాయి, వార్డులో సెలైన్ స్టాండ్ పట్టుకుని పరిగెత్తడం, నర్సులతో కేకలు. వినాయక చవితి రోజు ఇంట్లో ఉన్నాం. ఆ వారం ఖమ్మంలో చేయించిన టెస్ట్‌లో ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలు. మామయ్య ఆ రిపోర్ట్‌ని జిరాక్స్ తీయించి చుట్టాలందరికీ చూపించాడు.

ఖర్చు సంగతి. ఈ మొదటిసారి అంతా కలిపి లక్షా డెబ్బై వేల దాకా అయింది, చేతి డబ్బే. ఆరోగ్యశ్రీ అడిగితే, రిపోర్ట్‌లో ఫలానా జబ్బు అని ఉండాలి కదా, ఇందులో ఏమీ లేదు, ఏ జబ్బు కింద పెట్టమంటారు అన్నారు. జబ్బు లేదని సంతోషించాలా, జబ్బు పేరు లేక డబ్బు కట్టాల్సొచ్చిందని ఏడవాలా. నా గాజులు బ్యాంకులో పెట్టాం.

డిశ్చార్జ్ కాగితం కింద మేడమ్ చేత్తో రెండు లైన్లు రాసింది. లుకేమియా ముందు దశ కాదని చెప్పలేం, ఆరు నెలలు రెండు వారాలకోసారి బ్లడ్ టెస్ట్, స్లైడ్ చూడాలి అని ఒకటి. మమ్మల్ని అడగకుండా ఏ కారణంతోనూ స్టెరాయిడ్ ఇవ్వకండి అని రెండోది, దాని కింద రెండు గీతలు. మిషన్ ఇచ్చే నంబర్లు చాలవు, పాథాలజీ డాక్టరు కళ్ళతో స్లైడ్ చూడాలి, అదీ ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి అంది. ఖమ్మంలో అలా చూసే ల్యాబ్ వెతికి పట్టుకోవడానికి మా ఆయనకి ఒక పూట పట్టింది, చాలా చోట్ల మిషన్‌లో పెట్టి ప్రింట్ ఇచ్చేస్తారు అంతే. ఒక్కో టెస్ట్ మూడొందలు.

ఆ నాలుగు నెలలు ఎలా ఉన్నాయో చెప్పడం కష్టం. పిల్ల బాగుంది. నిజంగా బాగుంది, బరువు పెరిగింది, అన్నతో కొట్టుకుంటుంది. నేనే బాగోలేను. స్నానం చేయించేటప్పుడు దాని ఒళ్ళంతా వెతికేదాన్ని. ఆడుకునే పిల్లలకి మోకాళ్ళ కింద ముందు వైపు నల్లగా కమిలిన మచ్చలు ఎప్పుడూ ఉంటాయి, అవి చూసినప్పుడల్లా గుండె జారేది. తర్వాత మేడమే చెప్పింది, అక్కడి మచ్చలు వదిలెయ్యి, వీపు మీద, పొట్ట మీద, దెబ్బ తగలని చోట వస్తే చూడు, ఎర్రటి సూది మొన చుక్కలు వస్తే చూడు అని. ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే నాకు కొన్ని రాత్రులు నిద్ర పట్టేది.

చుట్టాల గొడవ ఇంకోటి. బాగున్న పిల్లని పట్టుకుని పదిహేను రోజులకోసారి సూది పొడిపిస్తారా అని మా ఆడపడుచు మొహం మీదే అనేసింది. ఆ డాక్టరమ్మకి కమీషన్ వస్తుందేమో అన్నవాళ్ళూ ఉన్నారు. టెస్ట్ చేసేది ఖమ్మం ల్యాబ్‌లో, డాక్టర్ ఉండేది హైదరాబాద్‌లో, మూడొందల్లో కమీషన్ ఎంతొస్తుందో వాళ్ళకే తెలియాలి. మా ఆయన మాత్రం ఎవరితోనూ వాదించలేదు, ఆ శనివారం రాగానే బండి తీసి పాపని ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

నవంబర్‌లో దగ్గు, పిల్లికూతలు వచ్చాయి. దగ్గర్లో క్లినిక్‌లో మూడు మందులు రాశారు, అందులో ఒకటి ఓమ్నాకార్టిల్ సిరప్. మెడికల్ షాపులో నేను అలవాటు కొద్దీ డిశ్చార్జ్ కాగితం చూపిస్తే ఆ షాపబ్బాయే "మేడమ్, ఇది స్టెరాయిడే" అని పక్కన పెట్టాడు. ఊళ్ళల్లో ఆర్‌ఎంపీలు జ్వరానికి, దగ్గుకి బెట్నెసాల్ అనే స్టెరాయిడ్ మాత్రలు పొట్లం కట్టి ఇస్తుంటారు, పేరు కూడా ఉండదు. మీ పిల్లల్లో రక్తకణాలన్నీ ఒకేసారి పడిపోయి కారణం తెలియకపోతే, ప్రతి పొట్లంలో ఏముందో అడగండి. హైదరాబాద్‌కి ఫోన్ చేస్తే ఇన్‌హేలర్ వేరేది చెప్పారు, దాంతో తగ్గింది.

డిసెంబర్‌లో జమలాపురం వెంకటేశ్వరస్వామి దగ్గర మొక్కు తీర్చాం. ఆగస్టులో ఆసుపత్రిలో ఉండగా అత్తయ్య మొక్కుకుంది, పిల్ల బయటపడితే తలనీలాలు ఇస్తానని. గుండుకి గంధం పూసి ఫోటో తీశాం.

సంక్రాంతికి కూడా బాగానే ఉంది. పండగ వెళ్ళాక జనవరి 22, 23 అలా మేడ మెట్లు ఎక్కనని ఎత్తుకోమంది. బద్ధకం అనుకుంది అత్తయ్య. నాకు తెలిసిపోయింది, తెలిసినా ఎవరితోనూ అనలేదు, శనివారం టెస్ట్ ఎలాగూ ఉంది కదా అని రోజులు లెక్కపెట్టా. రాత్రుళ్ళు నిద్రలో కాళ్ళు పట్టమనేది.

జనవరి 27 శనివారం పొద్దున శాంపిల్ ఇచ్చాం. ఎప్పుడూ మధ్యాహ్నం రెండింటికల్లా వాట్సాప్‌లో రిపోర్ట్ వచ్చేసేది. ఆ రోజు నాలుగైనా రాలేదు. నాలుగున్నరకి ల్యాబ్ అబ్బాయి ఫోన్ చేసి "మేడమ్, డాక్టర్ గారు స్లైడ్ ఇంకోసారి చూస్తున్నారు, సార్‌ని ఒకసారి ల్యాబ్‌కి రమ్మనండి" అన్నాడు. రిపోర్ట్ పంపకుండా మనిషిని రమ్మన్నారంటే ఇంకేముంది. హిమోగ్లోబిన్ 9.1, ప్లేట్‌లెట్లు 64 వేలు, తెల్లకణాలు 18,600, వాటిలో నూటికి నలభై బ్లాస్టులు, అంటే ఎదగని చెడ్డ కణాలు. ఆ పాథాలజీ డాక్టరు గారు స్లైడ్లు కూడా దూది పెట్టి డబ్బాలో సర్ది, ఇవి మీ మేడమ్‌కి ఇవ్వండి అని మా ఆయన చేతిలో పెట్టారు. డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రే బయల్దేరాం. జనవరి 30న మళ్ళీ మూలుగు టెస్ట్. ఈసారి మూలుగు కిటకిటలాడుతుంది, బ్లాస్టులు నూటికి 88. ఫ్లో రిపోర్ట్ ఫిబ్రవరి 1న వచ్చింది, బీ సెల్ ఏఎల్ఎల్, పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా రకం. వెన్నులోని నీరు క్లీన్‌గా ఉంది. ఏ రకమో చెప్పే జన్యు టెస్టుకి ఇంకో పది రోజులు పట్టింది, మంచి రకమే అన్నారు, మంచి రకం క్యాన్సర్ అని విని ఊపిరి పీల్చుకునే రోజు ఒకటి వస్తుందని ఎవరనుకుంటారు.

నేను మేడమ్‌ని రెండే అడిగా. ఆగస్టులోనే కీమో మొదలుపెట్టి ఉంటే బాగుండేదా అని మొదటిది. చెడ్డ కణం ఒక్కటీ కనపడని పిల్లకి ప్రపంచంలో ఏ డాక్టరూ కీమో ఇవ్వడమ్మా, ఇవ్వకూడదు, ఆగినందువల్ల నీ పిల్లకి నష్టం జరగలేదు, రక్తంలో తెల్లకణాలు మరీ పెరిగిపోక ముందే పట్టుకున్నాం అంది. మరి మధ్యలో ఎలా తగ్గింది అని రెండోది. ఇదమిత్థంగా తేలలేదు, పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒంట్లో పుట్టే రసాయనాల దెబ్బకి మంచి కణాలతో పాటు చెడ్డవీ అణిగిపోతాయని, ముందు మంచివి కోలుకుంటాయని, మిగిలిన చెడ్డవి నెమ్మదిగా మళ్ళీ పెరుగుతాయని అనుకుంటున్నారు, మామూలుగా ఆరు నెలల లోపే బయటపడుద్ది అంది. అందుకే ఆ ఆరు నెలల లెక్క.

ఈసారి ఆరోగ్యశ్రీ వచ్చింది. డిసెంబర్‌లోనే పది లక్షలకి పెంచారు, ఆ టైమ్‌కి మాకు అదొక్కటే కలిసొచ్చింది. కాకపోతే అప్పటికి రేషన్ కార్డులో పాప పేరు లేదు, పుట్టినప్పటి నుంచి ఎక్కించమని తిరిగాం, ఎక్కలేదు. ఆరోగ్యమిత్ర అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, మా ఇద్దరి ఆధార్‌లు, బెడ్ మీద పాప ఫోటో పెట్టి అప్లై చేసింది, రెండు రోజుల్లో అప్రూవల్ వచ్చింది. జన్యు టెస్టులు, మందులెక్కించడానికి చేతికి పెట్టే సన్నటి గొట్టం పిక్ లైన్, కొన్ని బయటి మందులు, ఆసుపత్రి దగ్గర రూమ్ అద్దె మాత్రం మేమే పెట్టుకున్నాం. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ బ్యాగ్‌లో పెట్టుకునే వెళ్ళండి, మా మరిది దానికోసం మళ్ళీ ఖమ్మం పోయి రావాల్సొచ్చింది.

ఫిబ్రవరి 2న ట్రీట్‌మెంట్ మొదలు. విచిత్రం చూడండి, ఐదు నెలలు ఏ మందు పడకుండా కాపలా కాశామో మొదట ఇచ్చింది అదే, స్టెరాయిడ్. వారం తిరిగేసరికి రక్తంలో బ్లాస్టులు కనపడలేదు. ఆ మందు ఆకలి మాత్రం మామూలు ఆకలి కాదు. రాత్రి మూడింటికి లేచి పప్పుచారన్నం కావాలి, ఇప్పుడే కావాలి, ఆలస్యమైతే నన్ను కొట్టేది. రూమ్‌లో వండి రెండు ఫ్లాస్కుల్లో పోసుకుని పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని. మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్‌కి మోషన్ గట్టిపడి పిల్ల నరకం చూసింది, మోషన్ సాఫీగా అయ్యే సిరప్ మొదటి రోజు నుంచే అడిగి రాయించుకోండి. డిసెంబర్ గుండు మీద అప్పుడే అర అంగుళం జుట్టొచ్చింది, ఫిబ్రవరి ఆఖరికి అదీ దిండు మీద రాలిపోయింది. అత్తయ్య ఊరి నుంచి వచ్చి చూసి "మొక్కు తీర్చాం కదే" అని కూలబడింది. నేనేం చెప్పను. ఆ స్వామే శనివారం శనివారం టెస్ట్‌కి పంపాడనుకోండి అన్నా.

మార్చిలో తెల్లకణాలు 200కి పడి జ్వరం వచ్చి తొమ్మిది రోజులు ఐసోలేషన్. అది గట్టెక్కాక ఎంఆర్‌డీ టెస్ట్, ఇంకా మిగిలిపోయిన చెడ్డ కణాల్ని వెతికేది, పదివేల కణాల్లో ఒక్కటి ఉన్నా పట్టేది. నెగెటివ్ వచ్చింది. అందరూ ఫోన్లు, తగ్గిపోయిందంట కదా అని. ఆ "తగ్గిపోయింది" మాట ఒకసారి విన్నాం కాబట్టి మేం స్వీట్లు పంచలేదు. ఆగస్టులోది వేరు, ఇది వేరు, ఇది మందు పెట్టి తగ్గించింది, ఇంకా రెండేళ్ళ పైన మందు వాడితేనే నిలబడేది అని అత్తయ్యకి అర్థమయ్యేలా చెప్పడానికి మా ఆయనకి ఒక సాయంత్రం పట్టింది.

మిగతా నెలల గురించి అందరూ రాసేదే, నేను కొత్తగా రాసేది లేదు. అక్టోబర్‌లో మెయింటెనెన్స్‌లోకి వచ్చాం. అంటే ఇంటి దగ్గర మాత్రలతో నడిచే ఆఖరి దశ. రోజూ రాత్రి ఒక మాత్ర, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కసారే. ఆ వారం మాత్ర పొరపాటున రోజూ వేస్తే ప్రాణాల మీదకొస్తుంది, అందుకని మా ఆయన దాన్ని వేరే డబ్బాలో పెట్టి మూత మీద మార్కర్‌తో ఆదివారం అని రాశాడు. ఖమ్మం ల్యాబ్‌లోనే టెస్ట్, ఆ అబ్బాయి ఇప్పుడు రిపోర్ట్ కంటే ముందే బొటనవేలు గుర్తు పంపుతాడు, కంగారు పడకండి అని.

2025 జనవరి నుంచి స్కూల్‌కి పంపొచ్చు అంది మేడమ్. వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడా. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే తెలిసిన రోజే నాకు ఫోన్ చెయ్యండి, రెండు మూడు రోజుల్లోపు ఆసుపత్రికి చెప్పాలి, లేటయితే కష్టం అన్నా. ఆవిడ శ్రద్ధగానే రాసుకుంది, ఫోన్ నంబర్లు మా ఇద్దరివీ తీసుకుంది. ఫీజు మాత్రం ఏడాది మొత్తానికీ కట్టాలంట, దాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి.